అడవి అంచు రైతు: అప్పు, రాబడి

నిర్మల్ పేరు వినగానే పొనికికఱ్ఱ బొమ్మలు జ్ఞప్తికి వచ్చును. నేడు నేను మనవి చేయబోవునది ఆ పొనికిచెట్లు పెరుగు అడవుల అంచున, పెంబి, కడెము, ఖానాపురము వైపు ప్రత్తియు జొన్నయు పండించు చిన్న రైతుల సంగతి. వారు తెచ్చుకొను అప్పు వారి రాబడిని పెంచుచున్నదా, మ్రింగుచున్నదా?

అప్పు మన ప్రాంతమునకు క్రొత్త కాదు. వెనుక గింజలు నాగునకు తెచ్చుకొని, పంట రాగానే ఒకటికి ఒకటిన్నర కొలిచెడివారు. 1940లో జోడేఘాటునందు కుమురం భీము నేలకొరిగిన పిమ్మట, గోండుల స్థితిగతులను పరిశీలించుటకు నిజాము ప్రభుత్వము హైమెండార్ఫు అను పండితుని నియోగించెను. ఆ దశాబ్దములోనే ఆదిలాబాదు కొండపల్లెలలో ధాన్యపు బ్యాంకులు వెలసెను. విత్తువేళ గింజలు తీసికొని, నూర్పిడి కాగానే కొద్దిపాటి వడ్డీతో గింజలుగానే తీర్చవలెను. వడ్డీ తగ్గుటయే ఇందలి మేలు కాదు. రైతు యొద్ద నున్న వస్తువుతో, అది యున్న వేళనే, బాకీ తీరుచుండెను.

నేడు ప్రత్తి పెరిగినది. ప్రత్తిని తినలేము, అమ్మితీరవలెను. విత్తనము, ఎరువు అరువిచ్చిన వర్తకుడే పంటయు కొన్నచో వడ్డీ రెండు చోట్ల పడును. లెక్కకు ఒకటి అనుకొందము. 50,000 రూపాయలు నెలకు నూటికి మూడు రూపాయల వంతున తెచ్చినచో ఏడాదికి వడ్డీ 18,000. ఆ బాకీకి కట్టుబడి 20 క్వింటాళ్లను క్వింటాలుకు 300 తక్కువకు ఇచ్చినచో మఱి 6,000. ఈ రెండవది ఏ చిట్టాలోను కనబడదు. బ్యాంకు పంటఋణమునకు వడ్డీ ఏడు శాతము. గడువులోగా తీర్చినచో మూడు శాతము తగ్గును. అప్పుడు ఏడాది వడ్డీ 2,000 మాత్రమే. పంట ఎవరికి అమ్మవలెనన్నది రైతు ఇష్టము.

"అట్లయిన అందఱును బ్యాంకునకే పోరాదా?" అని మీరడుగవచ్చును. 2006 నాటి అటవీహక్కుల చట్టము క్రింద వచ్చిన పట్టా బిడ్డలకు చెందును గాని, అమ్ముటకు వీలులేదు. ఆ కట్టుబాటు మంచిదే. లేనిచో ఆ నేలలు ఈపాటికి ఎవరి పాలగుచుండెనో మీరెఱుగుదురు. కాని తనఖాకు రాని భూమి యని బ్యాంకువారు వెనుకాడుదురు. 2023 జూనులో తెలంగాణమున లక్షన్నరకు పైగా గిరిజనులకు పోడుపట్టాలు ఇచ్చుట ఆరంభమైనది. తనఖా లేని వ్యవసాయఋణముల మితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి నుండి 1,60,000 రూపాయల నుండి 2,00,000కు పెంచినది. కనుక ఆ మితిలోపల అప్పునకు భూమి తనఖా అడుగ పనిలేదు. పట్టాయే లేనివానికి మాత్రము వర్తకుడే దిక్కు.

2024లో రాష్ట్రప్రభుత్వము రెండు లక్షల వఱకు పంటఋణములు మాఫీ చేసెను. ఊరట కలిగినది, నిజమే. వర్తకుని బాకీ మాత్రము అట్లే నిలిచినది. మాఫీ మఱల వచ్చునని గడువు దాటనిచ్చి, మూడు శాతము తగ్గింపు పోగొట్టుకొన్న మా బంధువు ఒకడు కలడు. ఎంత చెప్పినను వినలేదు.

అప్పు వాన కురిపింపదు. వానను నమ్ముకొన్న రెండెకరముల పోడుమీద రెండు లక్షలు తెచ్చుట నాకు సమ్మతము కాదు. వేసవిలో ఇప్పపువ్వు, తునికాకు వలన వచ్చు సొమ్ము సరిగా విత్తనములకు ముందే చేతికందును. అందులో కొంత దాచినచో, తేవలసిన అప్పు ఆ మేరకు తగ్గును. మీ ఊరి కుఱ్ఱవాడు బ్యాంకునకు పోవునపుడు వెంట వెళ్లి, తీర్చవలసిన తేదీని కాగితముపై వ్రాయించుకొని రండు.