ఇంట్లో ఇంటర్నెట్ లేదా? ఉచిత వైఫైకీ ఫోన్ నంబరు తప్పదు

న్యూఢిల్లీ: ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ లేనివారు దేశ రాజధానిలో ఇంటర్నెట్ వాడుకునేందుకు ఉన్న మార్గాల్లో రైల్వే స్టేషన్ ఒకటి. న్యూఢిల్లీ సహా దేశవ్యాప్తంగా 6,000కు పైగా స్టేషన్లలో రైల్‌టెల్ సంస్థ ‘రైల్‌వైర్’ వైఫైని ఏర్పాటు చేసింది. రోజుకు తొలి 30 నిమిషాలు ఉచితం. వేగం ఒక ఎంబీపీఎస్. ఉద్యోగ దరఖాస్తు నింపేందుకు, హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేసుకునేందుకు ఇది సరిపోతుంది గానీ వీడియో పాఠాలకు చాలదు. అంతకు మించి కావాలంటే డబ్బు చెల్లించాలి. 2021 మార్చిలో ఈ ప్లాన్లు మొదలైనప్పుడు కనిష్ఠ ధర రూ.10.

రెండో మార్గం పీఎం-వాణి. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ విధానం కింద టీ దుకాణం, కిరాణా కొట్టు సైతం లైసెన్సు లేకుండానే వైఫై సేవ అందించవచ్చు. ఒకనాటి ఎస్‌టీడీ బూత్ లాంటిదే ఇది. దుకాణదారులపై బ్రాడ్‌బ్యాండ్ ఖర్చు భారం తగ్గించేందుకు, ఇళ్లకు వసూలు చేసే ధరకు రెట్టింపు మించరాదని ట్రాయ్ 2025 జూన్‌లో ఆదేశించింది.

ఎక్కడైనా మెలిక ఓటీపీ వద్దే. 2008 బాంబు పేలుళ్ల సమయంలో ఉగ్రవాదులు ఇతరుల వైఫై ద్వారా ఈమెయిళ్లు పంపారు. దాంతో 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ వైఫై వినియోగదారుల గుర్తింపును తప్పనిసరి చేసింది. అందుకే రీచార్జి లేక సిమ్ మూగబోయినవారికి, నిజానికి ఉచిత వైఫై అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నవారికి, లాగిన్ దొరకదు. పక్కవారి నంబరుతో పని జరుగుతుంది. కానీ ఆ వినియోగం నమోదయ్యేది ఆ పక్కవారి పేరిటే.