సైకిలు యాత్రయు నరముల వ్యాధియు

దానము చేయదలచినవాడు తన యింట గూర్చుండియే చేయవచ్చును గదా, అందులకై రెండు దినములు సైకిలు త్రొక్కుట యెందులకని పలువురు ప్రశ్నింతురు. ప్రశ్న సహేతుకమైనదే. త్రొక్కినవాని శ్రమవలన రోగి బాధ తగ్గదు. చక్రము తిరిగినంత మాత్రమున మందు లభింపదు. ఐనను అమెరికా సంయుక్తరాష్ట్రములలో మల్టిపుల్ స్క్లిరోసిస్ అను నాడీవ్యాధికి గుఱియైనవారి సహాయార్థము 1980 నుండి దీర్ఘమైన సైకిలు యాత్రలు సాగుచున్నవి. వానిలో మిక్కిలి పేరొందినది టెక్సాసు రాష్ట్రమున హ్యూస్టన్ నగరమునుండి బయలుదేరు యాత్ర. నూటయేబది మైళ్ళు, అనగా ఇంచుమించు 240 కిలోమీటర్లు, రెండు దినములలో త్రొక్కుట దాని సంప్రదాయము. పాల్గొనగోరువాడు తన బంధుమిత్రులయొద్ద నిర్ణీతమైన చందా వసూలు చేసి తీరవలయును. ఇట్టి యాత్రలవలన ఆ దేశమున ఇంతవరకు నూరుకోట్ల డాలర్లకు మించిన ధనము సమకూడినది. హ్యూస్టన్, డల్లాస్ నగరములు నేడు మనవారికి పరాయి పేర్లు కావు. మన యూళ్ళ బిడ్డలు పలువు రచట కాపురమున్నారు.

ఈ పద్ధతి మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములకు తగునా? తగునేని దానివలన మొదట సాధింపదగిన దేమి? ఈ రెండు ప్రశ్నలను పాఠకుల యెదుట నుంచుటయే మా యుద్దేశము.

ముందుగా వ్యాధి యెట్టిదో తెలియవలయును. విద్యుత్తు ప్రవహించు తీగకు రబ్బరు తొడుగున్నట్లే మెదడునందును, వెన్నుపామునందును, కంటినాడియందును గల తంతువులకు మైలిన్ అను క్రొవ్వుతొడుగు గలదు. దేహమును క్రిములనుండి కాపాడవలసిన రక్షకబలమే దారితప్పి ఆ తొడుగును కొఱికివేయుటయే యీ వ్యాధి. తొడుగు చెడినచోట ఆజ్ఞలు తడబడును. కన్ను మసకబాఱును; కాలు తిమ్మిరెక్కును; నడక తూలును; మూత్రము పట్టు తప్పును; పని యేమియు చేయకున్నను చెప్పనలవికాని యలసట కలుగును. పారిసునగర వైద్యుడు షార్కో 1868లో దీనిని ప్రత్యేకవ్యాధిగా గుర్తించి వర్ణించెను. ఇది అంటువ్యాధి కాదు. తల్లిదండ్రులనుండి బిడ్డలకు నేరుగా సంక్రమించునదియు కాదు. ఇరువది మొదలు నలువది యేండ్ల లోపున, అనగా చదువు ముగిసి, పెండ్లియై, సంసారభారము నెత్తికెత్తుకొను కాలముననే తఱచు బయల్పడును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు అధికముగ వచ్చును.

ఇది శీతలదేశముల వ్యాధి, మనకు పట్టదు అని మొన్నమొన్నటివరకు వైద్యులే తలచుచుండిరి. లోకమున నేడు ఇంచుమించు 29 లక్షలమంది దీనితో జీవించుచున్నారని అంచనా. మంగళూరున జరిగి 2014లో వెలువడిన పరిశీలనయందు లక్షజనులకు ఎనమండుగురికి పైగా రోగులు తేలిరి. ఆ లెక్కయే మనకును చెల్లునని యొక్కక్షణ మనుకొందము. 2011 జనాభా లెక్కల ప్రకారము జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో కలిసి ఇంచుమించు పదునేడున్నర లక్షల జనులు గలరు. అట్లైన ఈ మూడు జిల్లాలలో నూటనలువదిమంది యైన నుండవలయును. నిజసంఖ్య కొంత తక్కువ కావచ్చును, ఎక్కువయు కావచ్చును. కాని మన బంధువులలో గాని, మన యూరిలో గాని ఈ వ్యాధి పేరు చెప్పుకొనువారిని పాఠకులలో నెందఱు చూచియుందురు? నూటనలువదిమందిలో వ్యాధి పేరైన తెలిసినవా రెందఱు? అసలైన కష్ట మీ ప్రశ్నలోనే కలదు.

పేరు తెలియకపోవుటకు కేవలము అజ్ఞానమే కారణము కాదు. వ్యాధి స్వభావమే మోసకరమైనది. తొఱ్ఱూరు ప్రక్కనున్న యొక పల్లెలో ఇరువదిరెండేండ్ల కోడలిని ఊహింపుడు. మిరపకాయ యేరు దినములలో ఆమెకు ఒకకన్ను మసకబాఱినది. కన్ను కదల్చిన నొప్పి. ఎవరో చుక్కలమం దిచ్చిరి. నెలతిరుగునప్పటికి చూపు వచ్చినది. ఖ్యాతి చుక్కలమందునకు దక్కినది. మఱుచటి యేట కాళ్ళు మొద్దుబాఱినవి. నరముల బలహీనత యని ఆర్.ఎం.పి. వైద్యుడు సూదులు వేసెను. కొన్నివారములకు నడక కుదుటపడినది. ఖ్యాతి సూదులకు దక్కినది. మూడవయేట తల తిరిగి, మాట ముద్దగట్టినది. గాలి సోకినదని తాయెత్తు గట్టిరి. అదియు తగ్గినది. ఖ్యాతి తాయెత్తునకు దక్కినది. దాడులు మూడు, వైద్యులు మువ్వురు, మూడుమారులును నయమైనట్లే కనబడినది. వ్యాధి మాత్ర మొక్కటే. రోగులలో నూటికి ఇంచుమించు ఎనుబదియైదుగురికి మొదటి సంవత్సరములలో వ్యాధి యిట్లే వచ్చుచు పోవుచు నుండును. తనంతట తగ్గినదానిని మందు తగ్గించినదని భ్రమించుట సహజము. కాని ప్రతిదాడియు పోవుచు పోవుచు కొంత నష్టమును మిగిల్చిపోవును. నాల్గవదానికో ఐదవదానికో కఱ్ఱ చేతికి వచ్చును.

పోగొట్టుకొన్న ఆ మూడేండ్లే మిక్కిలి విలువైనవి. వ్యాధిని నిర్మూలించు మందు నేటికిని లేదు. కాని దాడుల సంఖ్యను తగ్గించి, అవిటితనమును వాయిదా వేయు మందులు 1993 నుండి వచ్చుచున్నవి. అవి తొలినాళ్ళలో మొదలిడినంత మేలు తరువాత చేయవు. వానిలో పెక్కింటి వెల మధ్యతరగతి గృహస్థునకు సైతము అందనిది. ఐనను నిరాశకు కారణము లేదు. రక్తసంబంధమైన క్యాన్సరు చికిత్సలో వాడు రిటుక్సిమాబ్ అను మందును ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో ఈ వ్యాధికి సైతము అత్యవసర ఔషధముల పట్టికలో జేర్చినది. ఆ మందునకు తుల్యమైన స్వదేశీ ఔషధమును మన హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లోనే తయారుచేసి విక్రయించినది. మందు మన రాజధానిలోనే పుట్టుచున్నది. రోగి మన పల్లెలోనే యున్నాడు. ఆ రెంటినడుమ నున్న దూరమే మన మిప్పుడు దాటవలసినది.

ఇచట సైకిలు పనికివచ్చును. పత్రికలో ప్రకటన చదువనివాడును, వైద్యశాల గోడమీది కాగితమును చూడనివాడును, తన వాకిట ఇరువదిమంది సైకిళ్ళు దిగి మంచినీరడిగినపుడు ఎవరు మీరు, ఎచటికి పోవుచున్నారని యడుగక మానడు. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానమే యాత్రకు ఫలము. ఈ సత్యము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1951 ఏప్రిల్ 18వ తేదీని మన పొరుగున నున్న పోచంపల్లిలో వినోబాభావే గారు కాలినడకను వచ్చి యడిగినందుననే వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరముల నిచ్చిరి. అదే కోరికను ఉత్తరమున వ్రాసి పంపియుండినచో ఆ నూఱెకరములు వచ్చియుండునా? ఆ యాత్రలో తెలంగాణమున ఇంచుమించు పండ్రెండువేల యెకరములు దానముగ లభించినవి. నడచివచ్చినవానికి నిరాకరించుట కష్టము.

అదే భూదానము మనకు వేఱొక పాఠమును గూడ నేర్పినది. దేశమున దానమిచ్చిన భూములలో ఎంతయో భాగము పేదలకు చేరక కాగితములందే నిలిచిపోయినది. ఇచ్చుటయొక్కటియే చాలదు, ఇచ్చినది చేరవలయును. కావున యాత్ర జరుపువారు ఎంత వచ్చినది, ఎవరికి దేనికై యిచ్చినది పైసతోసహా ప్రకటింపవలయును. ఖర్చులు చందాలనుండి తీయక, తినుటకును ఉండుటకును అగు వ్యయమును స్థానికులే భరింపవలయును.

త్రొక్కువారికి మనలో కొఱత లేదు. హైదరాబాదులో 200 కిలోమీటర్ల దూరమును పదుమూడున్నర గంటలలో ముగించు నియమముతో సైకిలుదారులు యాత్రలు జరుపుకొనుచునే యున్నారు. ఒక కాలు కోల్పోయియు సైకిలు పందెములలో దేశమునకు పతకములు దెచ్చిన హైదరాబాదువాసి ఆదిత్య మెహతా గారు స్థాపించిన సంస్థ ఆధ్వర్యమున 2020లో వికలాంగుల బృందము కాశ్మీరమునుండి కన్యాకుమారివరకు సైకిళ్ళపై సాగినది. రెండుకాళ్ళు గలవారు జనగామనుండి భూపాలపల్లికి పోజాలమనుట సిగ్గుచేటు.

మార్గమును గూర్చి మా సూచన యిది. మొదటిదినము జనగామనుండి పాలకుర్తి, తొఱ్ఱూరు మీదుగా మహబూబాబాదు. రెండవదినము నర్సంపేట, ములుగు మీదుగా భూపాలపల్లి. మొత్తము రమారమి రెండువందల కిలోమీటర్లు. 2016 అక్టోబరు వఱకు ఇవి యన్నియు ఒక్క వరంగల్లు జిల్లాలోనివే. మహబూబాబాదున 2022లోను, జనగామ, భూపాలపల్లులలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. యాత్ర ఆగు ప్రతిచోటను వరంగల్లునుండియో హైదరాబాదునుండియో వచ్చిన నాడీవైద్యు డొక్కడు ఆ కళాశాలలో కూర్చుండి, కంటిచూపు పోయి వచ్చినవారిని, కాళ్ళు మొద్దుబాఱి తిరిగి కుదుటపడినవారిని ఉచితముగ పరీక్షింపవలయును. ఊరి ఆర్.ఎం.పి. వైద్యులను, ఆశా కార్యకర్తలను నిందింపక ఆహ్వానింపవలయును. రోగిని మొదట చూచువారు వారే గదా!

కాలమును గూర్చి యొక హెచ్చరిక. వేడి తగిలినపుడు ఈ రోగుల చూపును శక్తియు తాత్కాలికముగ తగ్గును. వేసవిలో భూపాలపల్లి బొగ్గుగనుల సీమ యెట్లు కాగునో మనకు తెలియనిది కాదు. ఆరోగ్యవంతునకు అది చెమట. రోగికి అది చూపునే మసకపఱచును. కావున యాత్ర మార్గశిర పుష్యమాసములలో జరుగుట యుచితము. రోగులును కొంతదూరము వెంటరా గోరినచో రాగలరు. వ్యాయామము కూడదని వారికి పూర్వము చెప్పెడివారు. మితమైన వ్యాయామము మేలుచేయునని నేటి వైద్యుల యభిప్రాయము.

వసూలైన ధనమును మూడు పనులకు వినియోగింప వచ్చును. ఎమ్మారై పరీక్షకును రాకపోకలకును అగు ఖర్చు మొదటిది. మొదలిడిన మందు నడుమ ఆగిపోకుండ చూచుట రెండవది. ఇంటిమెట్లకు వాలుదారి, మరుగుదొడ్డిలో పట్టుకొనుటకు కడ్డీ, కాళ్ళకు సాధకము మూడవది. 1985లో స్థాపితమై హైదరాబాదులో శాఖ గలిగిన భారత మల్టిపుల్ స్క్లిరోసిస్ సంఘము దీనికి సలహా యీయగలదు. రోగులకు తమ హక్కులును తెలియవలయును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన ఇరువదియొక్క లోపములలో ఈ వ్యాధి పేరెత్తి చెప్పబడినది. తెలంగాణ ప్రభుత్వము వికలాంగుల పింఛనును 2023లో నెలకు 4,016 రూపాయలకు పెంచినది. కాని అందులకు వైద్యుల ధ్రువపత్రము కావలయును. వచ్చుచు పోవుచు నుండు వ్యాధి గావున పరీక్షదినమున రోగి చక్కగ నడచినచో పత్రము దొరకుట కష్టము. వ్రాసిపెట్టుకొన్న దాడుల చరిత్రయు, పరీక్షల కాగితములును అప్పుడే యక్కఱకు వచ్చును.

కడపట చెప్పవలసినది సున్నితమైన విషయము. పెండ్లికెదిగిన కూతురికి ఈ వ్యాధి యున్నదని తెలిసిన తండ్రి దానిని దాచును. పెండ్లియైన పిదప బయల్పడినచో అత్తవారు పుట్టింటికి పంపుదురు. గర్భవతిగా నుండు చివరి మూడునెలలలో దాడులు తగ్గునని 1998లో ఐరోపావైద్యులు ప్రకటించిరి. వైద్యుని సలహాతో మందులను సరిచూచుకొని ఈ స్త్రీలు తల్లులగుటకు ఆటంకము లేదు. ఈ మాట ప్రతి యింటికి చేరవలయును. కాని యాత్రికులు ఏ రోగిని వేదిక నెక్కింపరాదు, ఏ యింటి పేరును మైకులో చెప్పరాదు. రెండుదినములు కాళ్ళు నొచ్చినంత మాత్రమున రోగి బాధ మాకు తెలిసినదని యాత్రికుడు చెప్పుకొనరాదు. వాని యలసట నిద్రతో తీఱును. ఆమె యలసట నిద్రతో తీఱదు.

భూస్వాములును, పత్తి, మిరప, ధాన్యవర్తకులును, పట్టణవాసులును ఈ కార్యమునకు చేయదగినది స్వల్పము. దారిలో నొక పూట భోజనము, రాత్రికి బడిలోనో మిల్లులోనో పడుకొనుటకు చోటు, త్రొక్కగల కుమారునకో కుమార్తెకో అనుజ్ఞ, శక్తికొలది చందా. అన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి. కన్ను మసకబాఱి తిరిగి బాగైన కోడలు మీ యింటనో, మీ పాలేరు యింటనో ఉన్నదేమో యొకమా రాలోచింపుడు. ఉన్నచో యాత్ర వచ్చువఱకు ఆగవలదు. ఆమెను నాడీవైద్యునియొద్దకు ఈ వారమే తోడ్కొనిపొండు.