సమాన వాహనములలో తారతమ్యము: కుటుంబపు విద్యుత్ కారు ఎన్నిక

ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అయినచో ఎన్నిక అను మాటయే పుట్టదు. రెండును మంచివై, రెండింటి వెలయు దాదాపు ఒకటియే అయినప్పుడు మనుష్యునికి నిద్ర పట్టదు. మా సహాధ్యాపకులొకరు 2025 వేసవిలో పదవీవిరమణ చేసిరి. గ్రాట్యుటీగా చేతికి వచ్చిన ధనములో కొంత కుమార్తె పై చదువునకు తీసియుంచి, తక్కినదానితో ఒక విద్యుత్ కారు కొనవలెనని వారి సంకల్పము. జీవితమున అట్టి మొత్తము రెండవమారు రాదు. అందుచేత అధ్యాపకుల గదిలో మాకు అలవాటైన టీ చర్చలు రెండు నెలలపాటు ఈ ఒక్క విషయముమీదనే సాగినవి. భౌతికశాస్త్రము బోధించువారు, వాణిజ్యశాస్త్రము బోధించువారు, ఏదియు తెలియకున్నను మాటలాడువారు, అందరమును పాల్గొంటిమి. ఆ చర్చలలో మేము నేర్చుకొన్నది విద్యార్థులకును ఉపయోగపడునని తలచి ఇట వ్రాయుచున్నాము.

మొదట మూడు బండ్లు మా పరిశీలనలోనికి వచ్చినవి. 2025 జనవరిలో విడుదలైన హ్యుండాయ్ క్రెటా ఎలక్ట్రిక్ ప్రారంభ వెలయే 17.99 లక్షలగుటచే అది తొలినాడే తొలగిపోయినది. మిగిలినవి రెండు. ఒకటి టాటా నెక్సాన్ విద్యుత్ వాహనములో 45 యూనిట్ల బ్యాటరీ గల రకము. 2024 సెప్టెంబరులో 13.99 లక్షల ప్రారంభ వెలకు విడుదలైనది. రెండవది ఎమ్‌జీ విండ్సర్, 38 యూనిట్ల బ్యాటరీది; అదియు ఆ సెప్టెంబరుననే వెలుగుచూచినది, బ్యాటరీతో కూడ దాని తొలి వెల 13.50 లక్షలు. ఇవి షోరూము ధరలు. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనములకు రహదారి పన్నును, రిజిస్ట్రేషన్ రుసుమును పూర్తిగా మినహాయించుచు ఉత్తర్వు వెలువరించినందున, మా మిత్రునికి ఆ భారము తప్పినది.

ఇక్కడ యూనిట్టు అను మాటను గూర్చి ఒక్క క్షణము ఆగవలెను. బ్యాటరీ పరిమాణమును కిలోవాట్ అవర్లలో చెప్పుదురు. అది మన ఇంటి కరెంటు బిల్లుమీది యూనిట్టు తప్ప వేరొండు కాదు. 45 కిలోవాట్ అవర్ల బ్యాటరీ యనగా 45 యూనిట్లు పట్టు పాత్ర యని అర్థము. ఈ సంగతి తెలిసినచో ప్రకటనలలోని గందరగోళము సగము తొలగిపోవును. ఎందుకనగా కొనుగోలుదారు అడుగవలసిన ప్రశ్న ‘పాత్ర ఎంత?’ అనునది ఒకటి, ‘ఒక్క యూనిట్టుతో ఎన్ని కిలోమీటర్లు?’ అనునది మరియొకటి. పెట్రోలు బండికి ట్యాంకును, మైలేజీని వేరువేరుగా అడుగు మనము, విద్యుత్ బండి దగ్గర ఆ రెండింటిని కలిపి చెప్పిన ఒకే అంకెకు లొంగిపోవుచున్నాము.

ఆ అంకెయే ‘రేంజి’. ఒక్కమారు నింపిన చార్జితో బండి పోగల దూరము. నెక్సాన్‌కు 489 కి.మీ. అనియు, విండ్సర్‌కు 332 కి.మీ. అనియు ప్రకటించిరి. చూచినంతనే మొదటిది గెలిచినట్లున్నది. కాని ఈ అంకెలు రోడ్డుమీద పుట్టినవి కావు. ప్రయోగశాలలో రోలర్లమీద, ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ యొక్క సవరించిన పద్ధతి ప్రకారము పుట్టినవి. ఆ పరీక్షకు రెండు భాగములు గలవు. మొదటిది నగరపు నడక, మెల్లగా సాగునది. రెండవది ఊరి వెలుపలి నడక, గంటకు 90 కి.మీ. వరకు పోవునది. మొదటి భాగము మాత్రమే లెక్కించినచో అంకె పెద్దదగును. రెండును కలిపినచో తగ్గును. దీనికి మేము విద్యార్థులకు చూపదగిన మేటి దృష్టాంతము 2024 ఆగస్టులో వచ్చిన టాటా కర్వ్ విద్యుత్ వాహనము. దాని 55 యూనిట్ల రకమునకు మొదటి భాగము లెక్కన 585 కి.మీ., రెండు భాగముల లెక్కన 502 కి.మీ. ప్రకటించిరి. దాని తమ్మునికి, అనగా 45 యూనిట్ల రకమునకు, మొదటి భాగము లెక్కన 502, రెండు భాగముల లెక్కన 430. చూడుడు, 502 అను అంకె రెండు బ్యాటరీలకును వచ్చినది! ఏ లెక్కయో అడుగక కొనువాడు చిన్న పాత్రను పెద్ద పాత్రయనుకొని ఇంటికి తెచ్చుకొనగలడు. ఇందులో అబద్ధమేమియు లేదు. కొలబద్దలు వేరు, అంతే.

మరి నిజమైన దూరమెంత? మా మిత్రుని నివాసము హైదరాబాదు. స్వగ్రామము కర్నూలు దాటిన పిమ్మట కొలది దూరములో నున్నది. ఇంటి గుమ్మము నుండి గ్రామమునకు సుమారు 225 కి.మీ. ఎనుబది రెండేండ్ల తల్లి గారికి ఆ గ్రామముమీద ప్రాణము. నెలకొకసారి అచటికి పోవుటయే ఈ కారు యొక్క పరమప్రయోజనము. తక్కిన దినములలో అది కూరగాయల బజారు, ఆసుపత్రి, కుమార్తె కళాశాల తప్ప ఎక్కడికిని పోదు. కావున బంధువులొకరి విద్యుత్ కారును అడిగి తీసికొని, ఏ.సి. వేసి, జాతీయ రహదారిమీద 90, 100 వేగముతో నడిపి చూచితిమి. యూనిట్టునకు సగటున ఆరున్నర కిలోమీటర్లు వచ్చినది. బ్యాటరీని పది శాతము కంటె దిగువకు పోనీయరాదని నియమము పెట్టుకొన్నచో, 38 యూనిట్ల బండి 222 కి.మీ. పోవును, 45 యూనిట్ల బండి 263 కి.మీ. పోవును.

225 కి.మీ. దారికి 222 కి.మీ. బండి! మూడు కిలోమీటర్ల కొరత. మా భౌతికశాస్త్రము వారు బల్ల చరచి, ‘ఇక వాదమేల? నెక్సానే’ అనిరి. మేమును సమ్మతించితిమి. ఆ నిశ్చయము రెండు దినములు నిలిచినది.

మూడవనాడు మా మిత్రులు తమ తల్లిగారిని వెంటబెట్టుకొని రెండు షోరూములకును పోయిరి. విద్యుత్ కారులలో బ్యాటరీ నేలక్రింద పరచియుండును. అందుచే కొన్ని బండ్లలో వెనుకసీటు ఎదుట పాదములుంచు నేల కొంచెము ఎత్తగును, మోకాళ్ళు పైకి లేచును. యువకులకు ఇది తెలియదు. నెక్సాన్ నాలుగు మీటర్లకు లోబడిన బండి, పొడవు 3994 మి.మీ.; ముందుచక్రమునకు వెనుకచక్రమునకు నడుమ దూరము 2498 మి.మీ. విండ్సర్ పొడవు 4295. చక్రముల నడుమ 2700. రెండు వందల మిల్లీమీటర్లనిన జానెడు. కాగితముమీద జానెడు అల్పముగా కనబడును. ఆ పెద్దావిడ మొదటి బండిలో పది నిమిషములు కూర్చుండి, ‘బాగానే ఉందిరా నాయనా, కానీ దిగాలంటే నన్ను ఇద్దరు పట్టుకోవాలి’ అనిరి. రెండవ బండిలో కూర్చుండి ఏమియు అనలేదు. కాళ్ళు చాపుకొని కన్నులు మూసుకొనిరి.

ఆమెకు మడత చక్రాల కుర్చీ కూడ గలదు. నెక్సాన్ సామాను అర 350 లీటర్లు, విండ్సర్‌ది 604 లీటర్లు. మొదటిదానిలో కుర్చీ పెట్టిన తరువాత బియ్యపు సంచికి చోటు లేదు. గ్రామము నుండి బియ్యము తేనిచో ఆ ప్రయాణమునకు అర్థమే లేదని మిత్రుని భార్యగారి వాదము.

మరి ఆ మూడు కిలోమీటర్ల కొరత మాటేమి? మేము మరచిన సంగతి ఒకటి కలదు. ఆమె రెండు గంటలకు మించి ఏ బండిలోను కూర్చుండలేరు. పెట్రోలు బండి అయినను కొత్తకోట ప్రాంతమున ఆగవలసినదే, టీ త్రాగవలసినదే. ఆ ఇరువదియైదు నిమిషములలో వేగపు చార్జింగు కేంద్రమున పదిహేను యూనిట్లు ఎక్కును. అది దాదాపు నూరు కిలోమీటర్ల దూరము. ఎట్లును ఆగువానికి పెద్ద పాత్ర అవసరము తగ్గును.

అయితే ఆ కేంద్రము పనిచేయుచుండవలెను గదా. మా పరీక్షాప్రయాణమున మేమాగిన ఒక కేంద్రములో రెండు గొట్టములలో ఒకటి చెడిపోయియుండెను. రెండవదానికి మాకు ముందు ఇద్దరు నిలిచియుండిరి. ఫోనులోని యాప్ మాత్రము రెండును ఖాళీ యని చూపుచుండెను. యాబది నిమిషములు ఎండలో నిలిచితిమి. అప్పటినుండి మా నియమమేమనగా, దారిలో ఒక కేంద్రమును నమ్మి బయలుదేరరాదు. దానికి తరువాతి కేంద్రము చేరుటకు చాలినంత చార్జి మిగిలియుండగనే మొదటిదానివద్ద ఆగవలెను.

బ్యాటరీ లోపలి రసాయనమును గూర్చి మా గదిలో పెద్ద వాదమే జరిగెను గాని, ఈ రెండు బండ్ల విషయమున అది నిష్ప్రయోజనము. రెండును లిథియమ్ ఐరన్ ఫాస్ఫేటు జాతివే. అయినను విద్యార్థులు తెలిసికొనదగిన విషయము. ఈ పదార్థమును బ్యాటరీకి పనికివచ్చునట్లు 1997లో ప్రకటించినవారు అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయపు జాన్ గుడ్ఎనఫ్ బృందమువారు; ఆ పరిశోధనాపత్రమున మొదటి పేరు భారతీయుడైన అక్షయ పాఢిది. గుడ్ఎనఫ్ 2019లో, తన 97వ యేట, మరిద్దరితో కలిసి రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి నందిరి. ఇందు నికెల్, కోబాల్టులు లేవు; వేడికి నిబ్బరము ఎక్కువ; అదే బరువునకు పట్టు విద్యుత్తు కొంచెము తక్కువ. దీని వోల్టేజి నిండినప్పుడును సగమైనప్పుడును దాదాపు ఒకే తీరున నుండుటచే, ఎంత మిగిలినదో బండికే సరిగా తెలియదు. అందువలన అప్పుడప్పుడు నూరు శాతము నింపుమని తయారీదారులు చెప్పుదురు. నికెల్ గల బ్యాటరీలకు ఇది తలక్రిందులు. వానిని నిత్యము 80 శాతముతో ఆపుట మేలు.

వాణిజ్యశాస్త్రము వారు తీసికొనివచ్చిన చిక్కు మరియొకటి. విండ్సర్‌ను బ్యాటరీ లేకుండ 9.99 లక్షలకు కొని, బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయల అద్దె చెల్లించు పద్ధతియు విడుదలనాడు ప్రకటించిరి. మిగులు 3.51 లక్షలు. మూడున్నరచే భాగించినచో సుమారు లక్ష కిలోమీటర్లు. మా మిత్రులు నెలకు 900 కి.మీ. తిరుగుదురు, అనగా నెలకు 3,150 రూపాయల అద్దె. మిగిలిన సొమ్మును ఏడు శాతమునకు బ్యాంకులో ఉంచినచో నెలకు రెండు వేల పైచిలుకు వడ్డీ. తేడా పదకొండు వందలు. ‘కుమార్తె ఫీజు చేతిలో నుండును, అద్దెకే పొండు’ అని ఆయన సలహా. లెక్క తప్పుకాదు. కాని ఇట్టి ఒప్పందములలో నెలకు కనీసము ఇన్ని కిలోమీటర్లకు చెల్లించితీరవలెనను షరతు ఉండవచ్చును. అది 1,500 కి.మీ. అయినచో బండి కదలకున్నను 5,250 రూపాయలు కట్టవలెను. పింఛనుదారు ఆ బాధ్యతను నెత్తిమీద పెట్టుకొనవలెనా? మిత్రులు ఒప్పందపు కాగితములు రెండుమార్లు చదివి, బ్యాటరీతో సహా కొనుటకే నిశ్చయించుకొనిరి.

నడుపుటకగు వ్యయమును గూర్చి ఎక్కువ వ్రాయ నవసరము లేదు. ఇంట యూనిట్టు ఎనిమిది రూపాయలనుకొన్నను కిలోమీటరుకు రూపాయిన్నర దాటదు. దారిలోని వేగపు కేంద్రములలో దానికి రెండింతలకు మించును. రెండు బండ్లకును ఇది సమానమే.

ఒక్క విషయమున మాత్రము మాలో మాకు నేటికిని ఏకాభిప్రాయము లేదు. 2023 అక్టోబరు 1న మొదలైన భారత్ ఎన్‌క్యాప్ ఢీకొట్టు పరీక్షలలో నెక్సాన్ విద్యుత్ వాహనము 2024లో 5 నక్షత్రములు పొందినది. మా మిత్రులు కొనునాటికి విండ్సర్‌కు అట్టి ఫలితము మా కంటబడలేదు. పరీక్షింపబడని బండి బలహీనమైనదని చెప్పుట తర్కదోషము; అయినను తెలిసిన బలము వేరు, ఊహించిన బలము వేరు. భౌతికశాస్త్రము వారు ఈ ఒక్క కారణము చేతనే తమ వోటు మార్చలేదు. మోకాళ్ళ నొప్పి ప్రతిదినము వచ్చును, ప్రమాదము ఎన్నడో రావచ్చును అని మిత్రులు చెప్పిన సమాధానము మాలో కొందరికి నచ్చినది, కొందరికి నచ్చలేదు.

విండ్సర్ వచ్చిన మొదటినెలలోనే గ్రామమునకు పోయిరి. కొత్తకోటవద్ద ఆగిరి, టీ త్రాగిరి, చార్జి ఎక్కినది. అంతయు లెక్క ప్రకారమే జరిగినది. రాత్రి ఇంటి 15 ఆంపియర్ల సాకెట్టునకు తీగ తగిలించగనే ఎర్రదీపము వెలిగి చార్జింగు నిలిచిపోయెను. కారణము ఎర్తింగు. పాతకాలపు ఇల్లు, ఫ్యాను తిరుగును, దీపము వెలుగును, కాని భూమికి పోవలసిన తీగ ఎన్నడో తుప్పుపట్టి తెగినది. ఎర్తు సరిలేనిచో విద్యుత్ కారు చార్జి తీసికొనదు. అది మన మంచికే. మరునాడు గ్రామపు ఎలక్ట్రీషియను పెరటిలో గొయ్యి త్రవ్వి, ఉప్పు, బొగ్గు పోసి, కొత్త గొట్టము దింపినాడు. కొనుటకు పూర్వము మేము రెండు నెలలు చర్చించిన అంశములలో ఈ గొయ్యి లేదు. ఆ గొయ్యిలో నీరు పోయుపని ఇప్పుడు ఆ పెద్దావిడ తన వంతుగా తీసికొన్నారు.