యంత్రము చెప్పినదెల్ల సత్యమా?

ప్రకృతి ధర్మమును చెప్పుటకు ఒక్క పంక్తి చాలును. దాని ననుసరించి రేపేమి జరుగునో లెక్కించుటకు ఒక్కొక్కప్పుడు ఒక జీవితము చాలదు. న్యూటను సూత్రముతో రెండు గోళముల గమనమును కాగితముపైననే తేల్చవచ్చును. మూడవ గోళము వచ్చి చేరెనా, ఫలితమును తిన్నగా నిచ్చు సులభసూత్రము సామాన్యముగా లభింపదు. అచ్చట సంఖ్యాపద్ధతులే శరణ్యము.

వీని మూలభావము సరళమైనది. కాలమును చిన్న చిన్న అడుగులుగా విభజింపవలెను. అడుగు మొదట నున్న వేగమును, బలమును అడుగు చివరివరకు మారవని భావించి ముందునకు సాగవలెను. 1768లో ఆయిలరు తన సమాకలన గ్రంథమున ఈ మార్గమును వివరించెను. నేటి కంప్యూటరు అట్టి అడుగులను లక్షలకొలది క్షణములో వేయగలదు. కాని త్వరగా వచ్చిన సమాధానమెల్ల సరియైన సమాధానము కాదు.

ఒక ఉదాహరణము చూడుడు. స్ప్రింగునకు కట్టిన బరువును లాగి విడిచితిమి, ఘర్షణ లేదు. దాని మొత్తము శక్తి ఎన్నటికిని మారరాదు. లెక్క తేలికగుటకై బరువును, స్ప్రింగు బిగువును ఒక్కొక్క ప్రమాణముగా గైకొని, అడుగును 0.1గా ఉంచి ఆయిలరు పద్ధతిని నడిపినచో, అడుగడుగునకు శక్తి నూటికొక పాలు పెరుగును. నూరడుగులకు 2.7 రెట్లగును! ఎవ్వరును త్రోయని ఉయ్యాల తనంత తానే ఎత్తునకు పోయినట్లున్నది. అడుగును సగము చేసినను అదే కాలమునకు 1.65 రెట్లగును. యంత్రము పొరబడలేదు; చెప్పినట్లే చేసినది.

దీనికి చికిత్స చిత్రమైనది. స్థానమును, వేగమును రెంటిని పాతవిలువలతోనే మార్చుటకు బదులు, ముందు వేగమును మార్చి, ఆ క్రొత్తవేగముతో స్థానమును మార్చవలెను. ఇంతమాత్రముననే శక్తి ఎంతకాలము గడచినను తొలివిలువకు నూటికి ఐదారు పాళ్ల మేరలోనే ఊగుచుండును. 1967లో వెర్లే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనికి దగ్గరచుట్టమైన పద్ధతితోనే ఆర్గానును బోలిన 864 కణముల సంచారమును కంప్యూటరుపై గణించెను.

కావున ఈ విద్య నభ్యసించువారు తొలుత జవాబు తెలిసిన సమస్యపై తమ పద్ధతిని పరీక్షింపవలెను. శక్తి నిలిచినదా? అడుగును సగము చేసినను ఫలితము స్థిరముగా నున్నదా? ఈ ప్రశ్నలకు ఉత్తరము దొరికిన పిదపనే వంతెన ఊపును, ఉపగ్రహ మార్గమును, తుపాను గతిని యంత్రమున కప్పగింపవలెను. అచ్చట తప్పును పట్టి చూపుటకు పుస్తకము చివర జవాబులుండవు.