పేరు ఎవరు పెట్టారు?
‘ఏడు తరాలు’ నవలను ఉన్నత పాఠశాలలో బోధించటం గురించి

అన్యాయాన్ని చిత్రించిన నవలను పాఠంగా చెప్పటంలో ఒక చిక్కు ఉన్నది. ఆ అన్యాయం ఎంత దూరదేశానిదైతే దానిమీద ఆగ్రహించటం అంత సులువు. అమెరికా తోటల్లో కొరడా దెబ్బలు తిన్న బానిస కోసం తరగతిలో కన్నీరు పెట్టుకున్న విద్యార్థి సాయంత్రం ఇంటికి వెళతాడు. పక్క వాటాలోకి అద్దెకు వచ్చినవారిని ఇంట్లో పెద్దలు “మీ ఇంటిపేరేమిటి?” అని ఆరా తీస్తుంటారు. ఆ ప్రశ్న దేనికోసమో అతనికి తెలుసు. అయినా అందులో తప్పున్నదని అతనికి తోచదు. అతని కన్నీరు బూటకం కాదు. కాని ఆ కన్నీటికీ ఈ ప్రశ్నకూ ఉన్న సంబంధాన్ని చూపలేకపోతే మన పాఠం సగంలోనే ఆగిపోయినట్టు.

అలెక్స్ హేలీ ‘రూట్స్’ 1976లో వెలువడింది. సహవాసి చేసిన సంక్షిప్తానువాదాన్ని ‘ఏడు తరాలు’ పేరుతో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980లో ప్రచురించింది. తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలు తమంత తాము చదువుకోగల తెలుగు అది. దీనిని బోయిన్‌పల్లిలో ఒక ఉన్నత పాఠశాలలో చెప్పవలసి వచ్చిందనుకుందాం. కూరగాయల మార్కెట్లో బస్తాలు మోసేవారి పిల్లలూ, చిరుద్యోగుల పిల్లలూ, దుకాణదారుల పిల్లలూ, బతుకుతెరువు కోసం జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలూ కలిసి కూర్చునే తరగతి. అక్కడ ఉపాధ్యాయుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

సాధారణంగా మొదలుపెట్టేది హింసతో. ఓడ అడుగున గొలుసులు, వేలంపాట, పారిపోబోయిన కుంటా కింటే పాదాన్ని నరికివేయటం. ఇవన్నీ చెప్పవలసినవే. అయితే వీటితో మొదలుపెడితే విద్యార్థి మనసులో మిగిలేది ప్రధానంగా జాలి. జాలిపడేవాడు తానొక ఎత్తైన అరుగుమీద కూర్చుని కిందికి చూస్తాడు. ఆ అరుగు దేనితో కట్టారని అడగడు.

నవల స్వయంగా మనకొక మంచి తోవ చూపుతున్నది. అది పేరు. గాంబియాలోని జుఫూరే గ్రామంలో, బిడ్డ పుట్టిన ఎనిమిదోనాడు తండ్రి ఒమోరో ఆ పేరును ముందు బిడ్డ చెవిలోనే చెబుతాడు. తానెవరో ముందు తనకే తెలియాలన్నది ఆ ప్రజల భావన. బారసాలనాడు బిడ్డ చెవిలో పేరు చెప్పే ఆచారం మన కుటుంబాల్లోనూ ఉన్నది. కనుక ఈ ఘట్టం పిల్లలకు పరాయిదిగా తోచదు. 1767లో కుంటా కింటే అమెరికా చేరాడు. అక్కడి యజమాని అతనికి టోబీ అని పేరు పెట్టాడు. ఎందుకు పెట్టాడు? ఈ ప్రశ్నను తరగతికి వదిలి, జవాబు కోసం ఓపికపట్టాలి.

పిలవటానికి వీలుగా ఉండాలని పెట్టాడంటే అది పైపై జవాబు. కొన్న సరుకుకు పాత చరిత్ర ఉండకూడదు. తండ్రి, ఊరు, భాష ఉన్న మనిషిని పశువుతోపాటు ఆస్తి లెక్కలో చేర్చాలంటే ముందు అతని పేరును తుడిచివేయాలి. పొగాకు తోటల లాభానికీ ఆ పేరు మార్పుకూ ఉన్న బంధం ఇది. దీనిని గ్రహించిన విద్యార్థికి తరువాతి కథ దానంతటదే తెరుచుకుంటుంది. కుంటా తన కూతురికి తన భాషలోనే కిజ్జీ అని పేరు పెట్టి, దాన్ని ముందు ఆమె చెవిలో చెబుతాడు. ఆ కిజ్జీ ఒక యువకుడు పారిపోవటానికి దొంగ అనుమతి చీటీ రాసి ఇచ్చినందుకు తల్లిదండ్రుల నుంచి విడదీయబడి అమ్ముడుపోతుంది. ఆమె కొడుక్కి మళ్లీ యజమానే జార్జి అని పేరు పెడతాడు. బానిసకు అక్షరం రావటమే యజమానికి ప్రమాదమన్న సంగతి బడిపిల్లలకు వేరే వ్యాఖ్యానం అక్కరలేకుండానే తగులుతుంది.

ఇక్కడినుంచి మన నగరానికి రావచ్చు. 1888లో పుట్టిన మాదరి భాగయ్య భాగ్యరెడ్డివర్మగా ప్రసిద్ధులైనారు. ఆయన హైదరాబాదులో 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, ఆ తరువాత అంటరానివారనబడిన కులాల పిల్లలకోసం పాఠశాలలు నడిపారు. 1917లో బెజవాడలో ఆయన అధ్యక్షతన జరిగిన సభ ‘పంచములు’ అన్న మాటను కాదని ‘ఆది ఆంధ్రులు’ అన్న పేరును స్వీకరించింది. ‘పంచములు’ అంటే నాలుగు వర్ణాలకు వెలుపలి అయిదోవారు, ఇతరులు పెట్టిన పేరు. ‘ఆది’ అంటే ఈ నేలమీద మొదటినుంచీ ఉన్నవారు, తమకు తాము పెట్టుకున్న పేరు. హైదరాబాద్ సంస్థానంలో 1931 జనాభా లెక్కల్లో ‘ఆది హిందువులు’ అన్న పేరు నమోదైంది. అంటే పేరుకోసం పోరాటం నవలలోనే కాదు, ఈ నగర చరిత్రలోనూ జరిగింది.

అయితే రెండింటినీ ఒకటేనని చెప్పకూడదు. అక్కడ మనిషిని కొన్నారు, అమ్మారు. ఇక్కడ పుట్టుకే పనినీ, వాడనూ, బావినీ నిర్ణయించింది. అక్కడ వివక్షకు చర్మం రంగు గుర్తు. ఇక్కడ కంటికి కనబడేది లేదు కనుకనే ఇంటిపేరు అడగవలసి వస్తున్నది. పోలికకన్నా ఈ తేడాయే ఎక్కువ నేర్పుతుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ చర్చలో ఏ దళిత విద్యార్థినీ లేపి “నీ అనుభవం చెప్పు” అని అడగరాదు. అలా అడిగితే పాఠమే అతనికి మరోసారి పేరు పెట్టినట్టవుతుంది. ప్రశ్న అందరిదీ కావాలి: మనమెవరిని ‘గారు’ అంటాం, ఎవరిని ‘గాడు’ అంటాం? వయసులో పెద్ద అయిన హమాలీని ‘ఒరే’ అని పిలిచే నోటికి ఆ అలవాటు ఎక్కడినుంచి వచ్చింది? ఇష్టమున్నవారు చెబుతారు. చెప్పనివారి మౌనాన్ని గౌరవించాలి.

హేలీ పుస్తకంపై వచ్చిన విమర్శలనూ దాచరాదు. హెరాల్డ్ కూర్లాండర్ నవలలోని భాగాలు ఇందులో చేరాయన్న దావా 1978లో రాజీతో ముగిసింది. హేలీ చెప్పిన వంశక్రమాన్ని తరువాతి పరిశోధకులు ప్రశ్నించారు. దీనిని నవలగా చదవాలనీ, బానిసత్వపు చరిత్రకు వేరే సాక్ష్యాలు పుష్కలంగా ఉన్నాయనీ పిల్లలకు చెబితే పుస్తకం విలువ తగ్గదు, విద్యార్థి వివేచన పెరుగుతుంది.

తరువాత చదివించవలసినది ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’. 1922లో జైలులో రాసిన ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. పుస్తకాన్ని చూసి ప్రభుత్వం ఎందుకు జంకిందన్నది, కిజ్జీ రాసిన చీటీ కథ చదివిన విద్యార్థికి తేలికగానే అర్థమవుతుంది.

రచయితలకు ఇందులో ఒక పాఠం ఉన్నది. మన కథల్లో జీతగాడికీ, పనిమనిషికీ మనం ఏ పేరు పెడుతున్నాం? అసలు పెడుతున్నామా? యజమాని పాత్రకు ఇంటిపేరుతో సహా పేరుండి, అతని ఇంట చాకిరీ చేసేవాడు కథ చివరివరకూ ‘జీతగాడు’గానే మిగిలిపోతే, ఆ ఆస్తి లెక్కల పుస్తకం మన చేతిలోనూ ఉన్నదనే అర్థం. బోయిన్‌పల్లి తరగతి గదిలో పిల్లలను అడగబోయే ప్రశ్నను ముందుగా మన రాతప్రతిని అడిగి చూద్దాం.