వీక్లీల గుట్టలో మనకు కావాల్సింది ఆరు కిలోలే

వంద పేజీల వారపత్రికలో ఉండేవి 50 కాగితాలు. సైజు ఎ4కి దగ్గరగా, కాగితం చదరపు మీటరుకు 60 గ్రాములుగా లెక్కేసుకుంటే ఒక్కో సంచిక 190 గ్రాములకు కాస్త అటూఇటుగా తూగుతుంది. అట్టతో కలిపి మందం 5 మిల్లీమీటర్లు అనుకుందాం. సోఫాలో వాలి చదువుతున్నప్పుడు ఇదో బరువే కాదు. కానీ ఏడాదికి వారాలు 52. సంక్రాంతి నుంచి సంక్రాంతికి 26 సెంటీమీటర్ల దొంతర, దాదాపు 10 కిలోల కాగితం పోగవుతుంది. పదేళ్లు దేన్నీ పారేయకపోతే 520 సంచికలు, 2.6 మీటర్ల ఎత్తు, 97 కిలోలు. రెండు వీక్లీలు వేయించుకునే ఇంట్లో ఇదంతా రెట్టింపు. కొంత అటకెక్కుతుంది, కొంత దివాన్ కింద చేరుతుంది, మిగతాది టీపాయ్ కింది అరలోంచి బయటికి తొంగిచూస్తుంటుంది.

ఇంతలో మనం నిజంగా దాచుకోవాలనుకున్నది ఎంత? వారానికి ఓ కథ, ఓ వంట, ఓ ఆరోగ్య వ్యాసం చొప్పున మూడు కాగితాలు అనుకుంటే ఉదారంగా లెక్కేసినట్టే. యాభైలో మూడు, అంటే నూటికి ఆరు. ఆ మూడింటి కోసం తక్కిన 47 కాగితాలకూ ఇంట్లో చోటిస్తున్నాం. కావాల్సినవి మాత్రమే చించి ఉంచి ఉంటే పదేళ్లకు తేలేది 1,560 కాగితాలు, ఆరు కిలోల లోపు. మామూలు బాక్స్ ఫైలులో సుమారు 500 కాగితాలు పడతాయి. నాలుగు ఫైళ్లు కొంటే ఇంకా చోటు మిగులుతుంది.

సీరియల్ బైండింగులు నేర్పిన లెక్క

ఈ పద్ధతి తెలుగిళ్లకు కొత్తది కాదు. వీక్లీల్లో సీరియల్ నవలలు రాజ్యమేలిన రోజుల్లో, ఇంట్లోవాళ్లు వారంవారం ఆ పేజీలు మాత్రమే చించి, వరసగా పేర్చి బైండు చేయించేవారు. ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిన యండమూరి ‘తులసిదళం’ లాంటివి చాలామంది అలాగే దాచుకున్నారు. అలాంటి బైండొకటి తెరిస్తే ఆ కాలం పేజీకొకటి చొప్పున కనిపిస్తుంది: వీపుకి కాలికో గుడ్డ, పదేసి పేజీలకోసారి ‘సశేషం’, కథానాయిక ఏడుస్తున్న పేరా పక్కనే సగానికి తెగిన గుత్తివంకాయ కూర, వెనకవైపు తులా రాశి వారఫలాలు. నడుమ ఒక వారం పేజీలు మాత్రం రంగు తేడాగా ఉంటాయి. అవి పక్కింటివాళ్ల పుస్తకంలోంచి అడిగి తెచ్చినవి.

వారానికి నాలుగు కాగితాల చొప్పున 30 వారాలు నడిచిన సీరియల్ 120 కాగితాల్లో, ఒకటిన్నర సెంటీమీటరు మందంలో ఇమిడిపోతుంది. అదే 30 సంచికలనూ అట్టే పెట్టుంటే 15 సెంటీమీటర్లు. చోటు పదోవంతుకు తగ్గింది సరే, అసలు లాభం వేరే ఉంది. ఆ బైండును ఎప్పుడు కావాలన్నా ఒక్క నిమిషంలో తీయొచ్చు.

వెతుకులాట ఖరీదు

గుట్టలో ఎక్కడో ఉన్న వ్యాసం కోసం వెతికితే, సగటున సగం గుట్ట తిరగేశాక గానీ దొరకదు. 520లో సగం 260. ఒక్కో విషయసూచిక చూడ్డానికి అర నిమిషం వేసుకున్నా 130 నిమిషాలు, రెండు గంటల పైమాటే. అంతసేపు వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే అది ఇంట్లో ఉన్నా లేనట్టే.

ఇప్పుడు 1,560 కాగితాలను ఎనిమిది విభాగాలు చేయండి. ఒక్కోదానిలో 195 వస్తాయి. సగం, అంటే 98 కాగితాలు, ఒక్కోటి మూడు సెకన్లు: ఐదు నిమిషాలు. ప్రతి విభాగంలో ఏడాదికో రంగు కాగితం అడ్డం పెట్టండి. ఏ ఏడాదిదో గుర్తుంటే వెతకాల్సినవి 20 మాత్రమే, అర నిమిషంలో చేతికొస్తుంది. గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో నాలుగోది చదువరి సమయాన్ని ఆదా చేయడం గురించే. ఇంటి ఫైలుకైనా ఆ సూత్రమే వర్తిస్తుంది.

విభాగాలు ఎనిమిదికి మించనివ్వకండి. వంటలు, ఆరోగ్యం, కథలు-సీరియళ్లు, ముగ్గులు-కుట్లు, ఊళ్లు-గుళ్లు, పిల్లల చదువు, డబ్బు-పన్నులు, మనుషులు. ‘ఇతరాలు’ అని తొమ్మిదోది తెరిచారంటే ఆర్నెల్లకు అన్నీ అందులోకే చేరతాయి.

దేనికెంత గడువు?

అన్ని కాగితాలకూ ఆయుష్షు ఒకటే కాదు. పన్ను మినహాయింపుల వ్యాసం కొత్త బడ్జెట్ రాగానే పాతబడుతుంది, దానికి ఏడాది చాలు. ప్రవేశ పరీక్షల వివరాలదీ అదే దారి. ఆరోగ్య వ్యాసాలను ఐదేళ్లకోసారి వడపోయాలి. వైద్య సలహాలు మారుతుంటాయి, పాత కాగితాన్ని నమ్ముకుని కొత్త మందు జోలికి పోకూడదు. కథలకూ ముగ్గులకూ గడువు లేదు.

వంటల సంగతి వేరు. వేసవి రాగానే ఆవకాయ, వినాయకచవితికి ఉండ్రాళ్లు, సంక్రాంతికి అరిసెలు పత్రికల్లో ఏటా వస్తాయి. పదేళ్ల ఫైలులో పది ఆవకాయలు తేలితే అందులో మీరు పెట్టి చూసి, కుదిరినది ఒక్కటే ఉంచండి. పండగ ప్రత్యేకాలన్నీ ఇలా ఏరితే ఈ విభాగం బాగా చిక్కిపోతుంది.

చించిన ప్రతి కాగితం పైమూలన పత్రిక పేరు, తేదీ పెన్సిల్‌తో రాయాలి. పెన్ను సిరా చెమ్మకు అలుక్కుపోతుంది. తేదీ లేకపోతే గడువు చూసే వీలే లేదు.

మైదా లై వద్దు, గుండుసూదీ వద్దు

చౌకరకం పత్రికల కాగితం చెక్క గుజ్జుతో చేసినది. అందులోని లిగ్నిన్ వల్ల వెలుతురు తగిలితే పసుపెక్కి, పెళుసుబారుతుంది. కాబట్టి ఫైళ్లు కిటికీ పక్కన కాకుండా బీరువాలో ఉండాలి. చిన్న కత్తిరింపులను తెల్ల కాగితం మీద అంటించడానికి మైదా లై, అన్నం మెతుకులు వాడితే సిల్వర్ ఫిష్ పురుగులకు విందు పెట్టినట్టే. వాటికి పిండిపదార్థమంటే ప్రాణం. సెల్లోటేపు జిగురు కొన్నేళ్లకు గోధుమ రంగు మరకై కూర్చుంటుంది. గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల గాలికి తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి. పంచింగ్ మిషన్‌తో రెండు రంధ్రాలు చేసి దారపు ట్యాగు కట్టడమే మేలు. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజుకు అదను. వానాకాలం వెళ్లాక ఫైళ్లను ఓ పూట ఫ్యాను గాలికి తెరిచిపెట్టండి. ఎర్రమట్టి గీతలు కనిపిస్తే మాత్రం అవి చెదలు, కలరా ఉండలతో పోయేవి కావు.

ఫోన్‌లో దాచుకోవాలన్నా లెక్క తేలికే. 12 మెగాపిక్సెళ్ల కెమెరా ఒక పేజీకి సరిపోతుంది. పేజీకి 2 ఎంబీ చొప్పున 1,560 కాగితాల రెండు వైపులూ కలిపి ఆరు జీబీ పైచిలుకు. ఫైలు పేరును ‘2024-05-వంటలు-ఆవకాయ’ అని ఏడాదితో మొదలుపెడితే వాటంతటవే వరసలో కూర్చుంటాయి. ఫోను పోతే అన్నీ పోకుండా మరో రెండు చోట్ల కాపీలు ఉంచుకోవాలి.

తూకానికి వేసే ముందు

మిగిలిన 91 కిలోలు కిలో 12 రూపాయలకు పోయాయనుకుంటే చేతికొచ్చేది పదకొండొందలు. అయితే గుట్ట అడుగున ఏముందో ఒకసారి చూడండి. 1924 నుంచి 1991 దాకా నడిచిన ‘భారతి’, 1947 జులైలో మొదలైన ‘చందమామ’ తొలినాటి సంచికలు ఉంటే వాటిని చించకూడదు, తూకానికీ వేయకూడదు. పరిశోధకులకు అవి కావాలి. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు పాత పత్రికలను ఏళ్లతరబడి భద్రం చేశాయి. దగ్గర్లోని అలాంటి గ్రంథాలయాన్ని అడిగి ఇవ్వొచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ చాలా పాత పత్రికలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. ఆ స్కాన్లు ఇప్పటికీ అందుబాటులో ఉంటే, మీరు దాచినది అక్కడ ఉందో లేదో కూడా చూసుకోవచ్చు.

పాత గుట్టను ఒక్క ఆదివారంలో తేల్చేద్దామని కూర్చోకండి. ముందు ఈ వారం సంచికతో మొదలుపెట్టండి: వచ్చే సంచిక గుమ్మంలో పడేలోగా దీనిలోంచి మూడు కాగితాలు ఫైలుకు, మిగతాది పాత పేపర్ల సంచిలోకి. గుట్ట పెరగడం అక్కడితో ఆగుతుంది. ఆ తర్వాత వారానికి పది పాత సంచికలు చూసినా 520 ఏడాదిలో అయిపోతాయి. ప్రతి ఫైలు మొదటి పేజీలో విభాగాల జాబితా రాసిపెట్టండి. మీరు ఊళ్లో లేనప్పుడు కూడా, మీకు ఫోన్ చేయకుండా ఇంట్లోవాళ్లు కావాల్సిన కాగితం తీసుకోగలిగితే ఫైలు కుదిరినట్టే.