పొడగరి డ్రైవరు, కారు సీటు: అపోహలు – వాస్తవములు

పెనుకొండ మండలము ఎర్రమంచి యొద్ద, 44వ జాతీయ రహదారి ప్రక్కన, కియా కర్మాగారము 2019లో కార్లను వెలువరింప నారంభించిన నాటినుండి, మడకశిర, హిందూపురము, ధర్మవరము ప్రాంతముల వారికి కారు తయారీ దూరదేశపు వార్తగా మిగులలేదు. అయినను ఆరడుగులు దాటిన పొడగరి యెవడైన మోకాళ్ళు స్టీరింగునకు తగులుచున్నవని మొరపెట్టుకొన్నంతనే, “సీటు రవంత ఎనక్కి జరిపించుకోన్నా” అని తేలికగా సలహా చెప్పువారికి కొదువ లేదు. ఆ సలహా వెనుకనున్న నమ్మకములను ఒక్కొక్కటిగా పరీక్షింతము.

అపోహ: సీటు ఎంత వెనుకకు జరిగిన పొడగరికి అంత సుఖము.

వాస్తవము: క్లచ్చిని అడుగంట నొక్కినపుడు సైతము మోకాలు కొంచెము వంగియే యుండవలెను. పూర్తిగ చాచిన కాలు బ్రేకుపై తగిన బలము చూపజాలకపోవుటయే గాక, ఢీకొన్న వేళ ఆ తాకిడిని నేరుగా తుంటికీలునకు చేరవేయును. వీపు సీటునకు ఆనియుండగా చాచిన చేతి మణికట్టు స్టీరింగు పైయంచుపై నిలువవలెను. రొమ్ముటెముకకును స్టీరింగు నడిమికిని 25 సెంటీమీటర్లకు తక్కువ కాని యెడముండవలెను. కావుననే ముందుకు వెనుకకు గూడ కదలు స్టీరింగు, పొడవైన సీటు పట్టాలకంటె పొడగరికి పలుమారు ఎక్కువ మేలు చేయును.

అపోహ: పట్టాల క్రింద ఇనుపపట్టీ వేసి బోల్టులను రెండంగుళములు వెనుకకు మార్చుట వెల్డింగు షాపులో గంట పని.

వాస్తవము: గంటలో ముగియుట నిజమే. కాని నేటి కార్లలో పెక్కింట బెల్టు బకిలు సీటు చట్రమునకే బిగించియుండును గావున, ఢీకొన్నపుడు మనిషి భారము చట్రమునకు, పట్టాలకు, బోల్టులకు, తుదకు నేలరేకునకు చేరును. ఐక్యరాజ్యసమితి 14వ నియమము ప్రకారము ఛాతీపట్టీ, నడుముపట్టీలలో ఒక్కొక్కదానిపై సుమారు 1,350 కిలోల బరువునకు సమానమైన లాగుడును బెల్టు బిగింపులు ఓర్వవలెను. కర్మాగారములో దళసరి చేసిన చోటును విడిచి పలుచని రేకునకు క్రొత్త రంధ్రము వేసినచో ఆ యోర్పు ఎచ్చటనుండి వచ్చును? పైగా బెల్టు వ్రేలాడు స్తంభము ఉన్నచోటనే నిలిచి, సీటు మాత్రమే వెనుకకు పోవుటచే పట్టీ భుజమును సరిగా హత్తుకొనదు.

అపోహ: కుషను స్పాంజి కోయించినచో చోటు దానంతటదే వచ్చును.

వాస్తవము: తలకు అంగుళము దొరకవచ్చును, కూర్చున్న చోటు క్రుంగినకొలది మోకాళ్ళు మాత్రము పైకిలేచి స్టీరింగునకు మరింత చేరువగును. తొడలకు ఆధారము తగ్గుటచే, మడకశిర నుండి హిందూపురము మీదుగా బెంగుళూరు చేరులోపల నడుము బాధించును. కుషను ముందుభాగపు ఎత్తు, ఢీకొన్నపుడు మనిషి నడుముపట్టీ క్రిందికి జారిపోకుండ అడ్డగించును. సీటు ప్రక్కన ఎయిర్‌బ్యాగున్న కార్లలో ఆ ప్రక్కను కోసి కుట్టినను, బిగుతైన కవరు తొడిగినను, అది విచ్చుకొను దారి మూసినట్లే.

అపోహ: కారు నాది, సీటు నాది, చట్టమునకేమి పని?

వాస్తవము: రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది, సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీనినే దృఢపరచినది. సీట్ల సంఖ్యయు ఆ వివరములలోనిదే గనుక, చోటుకొరకు ఒక వరుస పీకించుట కుదరదు. 2019లోనే ఆ చట్టమునకు జరిగిన సవరణ, అనుమతిలేని ప్రతి మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని విధింప వీలు కల్పించినది. వికలాంగుల వాహనములకు చట్టమే ప్రత్యేక మార్గము చూపినది. పొడవు ఆ కోవలోనికి రాదు.

అపోహ: పెద్ద కారు కొన్నచో చిక్కులన్నియు తీరును.

వాస్తవము: కారు పొడవు చూచి లోపలి చోటు చెప్పుట, తలుపు చూచి ఇంటి గదులు లెక్కించినట్లుండును. పట్టాల నిడివి, సీటు దిగు లోతు, స్టీరింగు కదలికయే ఇచ్చట కొలమానములు. పైకప్పులో సన్‌రూఫు ఉన్నచో తలపై చోటు కొంత తగ్గును. ఎడమకాలికి పని తప్పించు ఆటోమేటిక్ గేరు పొడగరికి నిజమైన ఉపశమనము.

ఇప్పటికే కారున్నవారు మొదట సీటును తలకు చోటు చాలునంత మాత్రమే క్రిందికి దించి, పిమ్మట వెనుకకు జరిపి, వీపుపలకను కొంచెము నిలిపి, స్టీరింగును సరిచేసి, హెడ్‌రెస్టును నడినెత్తి ఎత్తునకు లేపి చూడవలెను. కొనబోవువారు షోరూములో ఐదు నిముషములు కాక అరగంట కూర్చుండి, క్లచ్చి నొక్కి, స్టీరింగు త్రిప్పి చూచినచో, తరువాత వెల్డింగు షాపు గుమ్మము త్రొక్కవలసిన పనియే యుండదు.